వేసవి పిల్లలు

క్లాక్స్‌విక్ రేవులో ఇంకా తెల్లవారలేదు.
ఐదూ నలభైకి ఫోను.
సున్వా గొంతు, వెనకాల ఐసు మిషను రొద:
"ఫైలు కనపడుతోంది, తెరుచుకోదు.
పేరు చదవగలను, లోపలికి పోలేను.
పడవ వచ్చేసింది. చేప నా కోసం ఆగుతుందా?"

ఆగదు. చేపకు పర్మిషన్లు తెలియవు.

నేను వెళ్లేసరికి రబ్బరు బూట్లతోనే
ఆఫీసు కుర్చీలో కూర్చుని ఉంది.
తెరమీద మూడే మూడు ముక్కలు:
మీకు అనుమతి లేదు.
మీరు అని మన్నించి మరీ
గుమ్మంలో నిలబెట్టే మాట.

అందరూ చేసేదే ముందు నేనూ చేశాను.
తీగ ఊడలేదు. డ్రైవు అక్షరం సరిగానే ఉంది.
నా పేరుతో తెరిస్తే
ఠక్కున తెరుచుకుంది,
కాస్త సిగ్గనిపించేలా.

నెట్‌వర్కు డ్రైవుకి రెండు గుమ్మాలని చెప్పాను.
వీధిది ఒకటి, గదిది ఒకటి.
రెంటిలో ఏది పిసినారిదో దాని మాటే చెల్లుతుంది.
వీధి తలుపు బార్లా తెరిచే ఉంది.
గది తలుపు దగ్గర జాబితా విప్పాను.

ప్యాకింగ్ వాళ్లు: అవును.
షిఫ్టు పెద్దలు: అవును.
నాణ్యత, శీతల గిడ్డంగి, మంటలార్పే దళం,
ఎప్పుడో చితికిపోయిన కాఫీ సంఘంతో సహా
ఆమె ఉన్న గ్రూపులన్నీ కలిపి
పదకొండు అవునులు.
మళ్లీ మొదటికొచ్చి చూస్తే
నేను చూసుకోకుండా దాటేసిన పై వరస:
వేసవి పిల్లలు. కాదు.

పదకొండింటినీ ఒక పళ్లెంలో పోసినా
ఆ ఒక్క కాదు ఉన్న పళ్లెం
నేల విడిచి లేవదు.

"నువ్వింకా వేసవి పిల్లల్లోనే ఉన్నావు," అన్నాను.
ఆమెకు ముప్పై ఆరు.
కింద నలభై మందికి ఆమె కేకే గడియారం.
నవ్వలేదు.

ఆ కాదు పెట్టింది హానుస్, నా ముందరివాడు.
ఇప్పుడు కొండవాలున గొర్రెలు చూసుకుంటాడు.
గ్రూపు పేరు కింద ఒక ముక్క రాసి పోయాడు:
ధరల పట్టీ చెరిపేశారు.
ఇక పిల్లలెవరూ ఈ ఫోల్డరు ముట్టకూడదు.

సున్వా ఒక చేతి తొడుగు తీసింది.
"చెరిపింది నేనే. పదహారేళ్లు నాకు.
పాతదనుకున్నా.
ఏడుగురినీ నిలబెట్టి అడిగారు.
తెలీదన్నాను."

ఆ ఏడుగురిలో ఒకడు
సొరంగం అవతల టైర్లు మారుస్తాడు.
ఒకామె డెన్మార్క్‌లో పళ్ల డాక్టరు.
మానేసిన వాళ్ల పేర్లు మానేసినట్టే
ఎవరో ఒక్కొక్కటీ కొట్టేశారు.
గ్రూపులో మిగిలింది
ఇక్కడే ఉండిపోయిన మనిషి.

ఇరవై ఏళ్లుగా ఆ ఫోల్డరుతో ఆమెకు పని పడలేదు.
నిన్న రాత్రి ఐసు లెక్కల ఫైలుని
అందులోకి నకలు చేసింది నేను.
తరలించి ఉంటే తన తాళాలు తనే తెచ్చుకునేది.
నకలుకి మాత్రం
దిగిన ఇంటి ఆచారమే ఆచారం.
ఈ సంగతి ఆమెకు చెప్పలేదు.

గ్రూపులోంచి పేరు తీసేశాను.
అయినా తెరుచుకోలేదు.
"ఒకసారి బయటికెళ్లి మళ్లీ రావాలి," అన్నాను,
లాగౌటు గురించి.
లోపలికొచ్చిన క్షణాన నువ్వెవరో
సర్వరు దాన్నే పట్టుకు కూర్చుంటుంది,
ఈలోపు నువ్వు మారినా సరే.

ఆమె నిజంగానే లేచి వెళ్లింది.
మెట్ల మీద, గాలిలో,
రెండు నిమిషాలు నిలబడింది.
కిటికీలోంచి ఆమె వీపు, పడవ దీపాలు.
ఆమె బదులు లాగౌటు నేనే నొక్కాను.

తిరిగొచ్చి, తొడుగు లేని చేత్తో,
ఒక్కో అక్షరమే కొట్టింది పాస్‌వర్డు.

తెరుచుకుంది.
ఐసు నాలుగు టన్నులు. చలి మైనస్ రెండు.
సంతకం గడి ఖాళీ.

నేల మీద వెళ్లిన తడి అడుగులు,
వచ్చిన తడి అడుగులు.
"నువ్వు హానుస్‌కి చెబుతావా?" అంది
తెరవైపే చూస్తూ.
నేను గ్రూపు చెరిపేస్తున్నాను.
నిజంగానా అని అడిగింది మిషను.